చక్రాల చప్పుడు చేత్తో విన్న పెద్దబాపు

మా పెద్దబాపు పోయిన సంగతి నాకు ఇంట్లోవాళ్ళు చెప్పకముందే వంతెన కింద స్కేట్‌బోర్డు ఎక్కే పిల్లల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. పాజిటివ్ వచ్చి తొమ్మిదో రోజు, మేడ మీది గదిలో ఒక్కదాన్నే, పళ్ళెం కడిగి తలుపు బయట పెడుతున్నాను. ఫోన్లో ఎవరో గుజరాతీలో "కాకా ఇక లేరు" అని పెట్టారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఏ కాకా అని అడగబోయి ఆగాను. ఆ గ్రూపులో అందరికీ కాకా అంటే ఒక్కడే. మెట్ల దగ్గరికొచ్చి "బాపూ" అని అరిచాను. కింద నిలబడ్డ మా బాపు తలెత్తి చూశాడు. తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

ఆయన నాకు సొంత పెద్దబాపు కాదు. సూరత్‌లోని గోడాదరాలో మా గది గోడకు అవతల ఆయన గది. మా బాపుదీ ఆయనదీ కరీంనగర్ దిక్కు పక్కపక్క ఊళ్ళు. ఇద్దరూ ఒకే మగ్గాల కార్ఖానాలో పని. మా బాపు మగ్గాలు నడిపేవాడు, ఈయన వాటి చెక్కపని చూసేవాడు. ఈయనకు పిల్లలు లేరు. నేను ఎవరి ఇంట్లో తిని ఎవరి ఇంట్లో పడుకున్నానో రెండిళ్ళవాళ్ళూ పట్టించుకునేవాళ్ళు కాదు.

ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమని వంతెన కింది పిల్లలు మూడు నెలలుగా అడుగుతున్నారు. రేపు, మాపు అంటూ తప్పించుకు తిరిగాను. కారణం దాచను. ఆ జబ్బు ఆయనకు నా నుంచే అంటిందేమోనని నా అనుమానం. అనుమానం అనేది పైకి. లోపల నాకది నమ్మకమే. స్మృతి రాసేవాళ్ళు సాధారణంగా పోయినవాళ్ళకు రుణపడి ఉంటారు. నేను దోషపడి ఉన్నాను. అది ముందే చెప్పి మొదలుపెడితేగానీ నాకు కలం కదల్లేదు.

సూరత్‌లో స్కేట్‌బోర్డు ఎట్లా మొదలైందని ఒకసారి పత్రికవాళ్ళు అడిగారు. తాపీ నది అవతలి కుర్రాళ్ళు విదేశాల నుంచి మేనమామలు తెచ్చిన బోర్డుల కథ చెప్పారు, అదే అచ్చయింది. అది వాళ్ళ చరిత్ర. మా చరిత్ర బీము బండితో మొదలవుతుంది. నూలు చుట్టిన బరువైన బీముల్ని మగ్గం దాకా తోసుకెళ్ళడానికి కార్ఖానాలో నేలబారుగా ఒక నాలుగు చక్రాల బండి ఉంటుంది. బాపులకు అన్నం డబ్బాలు తీసుకెళ్ళిన మేం, షిఫ్టు మారే పది నిమిషాల్లో దాని మీద నిలబడి రెండు వరసల మగ్గాల మధ్య ఇటు నుంచి అటు జారేవాళ్ళం. పెద్దబాపు చూస్తే చెవి మెలిపెట్టేవాడు. ఆ చప్పుడులో ఆయన తిట్లు మాకు వినపడేవి కావు, మా ఏడుపు ఆయనకు వినపడేది కాదు. అందుకని ఎవరికీ బాధ ఉండేది కాదు.

ఆయనకు చెవుడు. పుట్టు చెవుడు కాదు, మగ్గాల చెవుడు. ముప్పై ఏళ్ళు ఆ టకటకల మధ్య బతికితే చెవులు మిగలవు. మా వాడలో అదొక జబ్బు కిందే లెక్క కాదు, ఉద్యోగం చేసినట్టు గుర్తు. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. మా పెద్దమ్మ ఆయనతో పోట్లాడాలంటే ముందు గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకునేది. ఓడిపోతున్నానని తోచగానే ఆయన కళ్ళు మూసుకునేవాడు. ఇంకేం చేస్తుంది ఆమె, నవ్వేది.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు నది ఒడ్డున ఆదివారం సంతలో, పాత సామాను గుట్టలో ఒక స్కేట్‌బోర్డు దొరికింది. నడిమికి విరిగింది. ఎవరో అవతలి ఒడ్డు పిల్లాడు విరగ్గొట్టి పారేసి ఉంటాడు. తీసుకెళ్ళి పెద్దబాపు ముందు పెట్టాను. విరిగిన అంచు మీద వేలు పెట్టి పొరలు లెక్కించాడు. ఏడు. పొరల్లో రేఖ నిలువుగా, అడ్డంగా ఎట్లా మారుతుందో చూసి "ఎవడో తెలిసినోడే జేసిండు" అన్నాడు. తరవాత దీన్నేం చేస్తారని అడిగాడు. ఎక్కి నిలబడతారని చూపించాను. ఆయన ముఖం మారిపోయింది.

"గింత పనితనం జేసిన చెక్కను కాళ్ళ కింద ఏసుకుంటరా? నేను జెయ్య. తీస్కపో."

నేను తీసుకుపోలేదు. అలిగి, ఆయన పనిముట్ల అర మీదే వదిలేసి వచ్చాను. అట్లా వదిలేయడమే పనికొచ్చింది.

పది రోజులకు దసరా వచ్చింది. మా వాళ్ళు ఎక్కడున్నా ఆ రోజు పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకుంటారు. ఆ పూట ఉలి ముట్టరు, మగ్గం తిప్పరు. పెద్దమ్మ పొద్దున్నే స్నానం చేసి అర మీద ఉన్నవన్నీ వరసగా తుడిచి బొట్లు పెట్టింది. రంపానికి, ఉలికి, చిత్రిక పట్టే రందాకు, వాటి పక్కన ఉన్న నా విరిగిన బోర్డుకూ. రెండు ముక్కలకూ రెండు బొట్లు. ఆమెకు అదేమిటో తెలియదు. అర మీద ఉంది కాబట్టి పనిముట్టే అనుకుంది.

పెద్దబాపు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. పూజ అందుకున్న పనిముట్టు విరిగి ఉండకూడదని వాళ్ళ నాయన నుంచి వచ్చిన పట్టింపు. విరిగినదాన్ని బాగుచేయాలి, లేదా నదిలో వదలాలి. నేను నదిలో వదలనివ్వనని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. ముందు చూస్తే నేను, వెనక చూస్తే దేవుడు. ఆయన పెద్దమ్మ మీద విరుచుకుపడ్డాడు. పెద్దమ్మ ఊరుకునే మనిషా, గడ్డం పట్టుకుని ముఖం తిప్పింది.

"చెక్కను కాలుతోని తొక్కద్దంటవ్. మా అయ్య గుంటమగ్గంల కూసుండి పొద్దంత కాళ్ళతోని తొక్కింది ఏంది, చెక్కలు గావా? తొక్కంది బట్ట ఎట్లచ్చింది? గా బట్ట నువ్వు కట్టుకోలేదా?"

పెద్దబాపు కళ్ళు మూసుకోవడం మర్చిపోయాడు. చాలాసేపు ఉలి పిడి మీద వేలు రాస్తూ ఉండిపోయి, మర్నాడు పనికి కూర్చున్నాడు.

మొదట చేసింది తుమ్మ చెక్కతో, ఒకే ముక్క. మగ్గంలో నాడెను, అదే షటిల్‌ను, కొట్టే కర్రలకు వాడే చెక్కే ఆయనకు అలవాటు. అది ఇనుమంత బరువు. "పెండ్లిపీటకు చక్రాలు పెట్టినవేంది" అని మా బాపు ఎగతాళి చేశాడు. రెండోది పొరలు అంటించి చేశాడు, నెల తిరక్కుండా విచ్చుకుంది. మూడోదాన్ని వంపు తిరిగిన రెండు దిమ్మల మధ్య పెట్టి, పైన బీములకు వేలాడదీసే ఇనుప బరువులన్నీ పేర్చి, రెండు రోజులు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. చక్రాల ఇరుసులు ఖటోదరాలో ఒక లేతు పనివాడి దగ్గర చేయించాడు. బేరింగులు పాత మగ్గాలవే. తయారయ్యాక నన్ను పిలిచి ఒక షరతు పెట్టాడు.

"ఎక్కేముంగట చెయ్యి తాకిచ్చి కండ్లకద్దుకో. అద్దుకోకపోతే మల్ల నా దిక్కు రాకు."

అద్దుకున్నాను. నన్ను చూసి మా వాడ పిల్లలు అద్దుకున్నారు. తరవాత తరవాత వంతెన కింద ఎవరెవరో వచ్చి చేరారు. ఒడియా పిల్లలు, మరాఠీ పిల్లలు, కార్లలో దిగే గుజరాతీ పిల్లలు. అందరూ ఎక్కేముందు వంగి బోర్డు తాకి కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు. ఎందుకో వాళ్ళెవరికీ తెలియదు. ఇంకో నగరం నుంచి వచ్చిన ఒక కుర్రాడు దాన్ని ఫోన్లో తీసుకుని "సూరత్ స్టైల్" అని పెట్టాడు. అది చూపిస్తే పెద్దబాపు బాగా సిగ్గుపడ్డాడు.

మా నగరానికి వంతెనలకు కొదవ లేదు. వాటి కింద నున్నటి సిమెంటు నేల, నీడ. ఆదివారాలు బట్టల మార్కెట్లు మూసి ఉంటాయి కాబట్టి వాటి మెట్లు, కటకటాలు కూడా మావే, వాచ్‌మన్ నిద్ర లేచేదాకా. మొదట్లో ముగ్గురం. నాలుగైదేళ్ళకు ఆదివారం పొద్దున వంతెన కింద నిలబడ్డానికి చోటు లేకుండా అయింది. చక్రాలు, ఇరుసులు అంగళ్ళలో దొరకసాగాయి. అప్పటికి షటిల్ లేని కొత్త మగ్గాలు వచ్చి కార్ఖానాలో చెక్కపని తగ్గిపోయింది. కొడుకు చదువుకుని ఎదిగొచ్చినట్టు ఆ బోర్డులే ఆయన్ను ఆదుకున్నాయి. సగం మంది దగ్గర కూలి కూడా తీసుకునేవాడు కాదు, అందుకు పెద్దమ్మ పోట్లాట వేరే.

ఆదివారం పొద్దున చాయ్ తాగి ఆయనా వంతెన కిందికి వచ్చేవాడు. స్తంభానికి వీపు ఆనించి కూర్చుని, అరచేయి నేలకు ఆనించేవాడు. నేల అదురును బట్టి చక్రాల చప్పుడు వినేవాడు. నేను మొదట నమ్మలేదు. ఒకరోజు కళ్ళు మూసుకుని, వేలు పైకెత్తి, "ఆ పచ్చంగి పోరనిది ఎనక బేరింగు పోతది" అన్నాడు. కళ్ళు తెరిస్తేగానీ ఆ పిల్లాడి అంగీ పచ్చదని తెలియదు కదా అని నేను వాదించాను. "పొద్దున జూసిన గదా" అన్నాడు. బేరింగు మటుకు నిజంగానే పోయింది.

ఆయనకు ఆట అర్థం కాలేదని ఆయనే ఒప్పుకునేవాడు. ఒకసారి నన్ను అడిగాడు.

"దీని మీద ఏడికి పోతవ్ బిడ్డా?"

"ఏడికీ పోను పెద్దబాపూ. ఈడనే తిరుగుత."

"మల్ల పడుడెందుకు?"

నేను బోర్డు తాకి కళ్ళకద్దుకుని మళ్ళీ ఎక్కాను. ఎవరు పడ్డా ఆయన ముందు మనిషిని చూసేవాడు, ఆ తరవాతే బోర్డును చూసేవాడు. "చెక్క పోతె చెక్కున్నది" అనేవాడు. పాండేసర దిక్కు ఒక అద్దకం మిల్లుకు చీరల డిజైన్లు వేసే ఉద్యోగం నాకు దొరికినప్పుడు, మా అమ్మ ఇక ఈ దుంకుళ్ళు మానమని గోల పెట్టింది. "మానకు" అన్నాడాయన ఒక్క మాటగా. మా అమ్మ నెల రోజులు ఆయనకు కూర పంపలేదు.

మొదటి లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక గోడాదరాలో నేను మొదటిసారి పిట్టల అరుపు విన్నాను. పెద్దబాపు ఇంటి ముందు చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు. ఏమైందంటే నేల చూపించాడు. అన్నేళ్ళూ పగలూ రాత్రీ ఆయన పాదాల కింద కార్ఖానాల అదురు ఉండేది. అది పోయింది.

"నా కాళ్ళు సుత చెవుడైనయ్ బిడ్డా."

నవ్వాలో ఏడవాలో తెలియక నేను ఇంట్లోకి వచ్చేశాను.

తరవాతి వారాల్లో మా వీధివాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచి ఊళ్ళకు బయలుదేరారు. వెనక వీధి ఒడియా కుటుంబం ఒకటి చంటిపిల్లతో, వంట సామానుతో గుమ్మంలో నిలబడి ఉంది. పెద్దబాపు లోపలికెళ్ళి, బాగుచేయమని మేం ఇచ్చిన బోర్డులు నాలుగు తెచ్చి, వాటిని జతచేసి, మీద పలక కొట్టి, ముందు తాడు కట్టి బండి చేసిచ్చాడు. మర్నాడు ఇంకొకరికి. వారం రోజుల్లో మా వాడలో బోర్డన్నది లేకుండా పోయింది. నాది కూడా ఇమ్మన్నప్పుడు నేను ముఖం మాడ్చుకున్నాను. నా ముఖం చూసి, చేయి చాపాడు. ఇచ్చాను. ఆ బండ్లు ఎక్కడిదాకా వెళ్ళాయో మాకు తెలియలేదు. ఎవరూ ఫోను చేయలేదు.

ఆ ఏడాది అందరికీ కష్టమే, ఆయనకు ఇంకో కష్టం తోడైంది. లోకమంతా మాస్కు కట్టుకుంది. పెదవులు లేకుండా పోయాయి. పాలవాడు, దుకాణంవాడు, పోలీసు, అందరూ ఆయనకు గుడ్డ కదలడంగా మిగిలారు. అవతలివాళ్ళ కళ్ళు చూసి తిడుతున్నారో, నవ్వుతున్నారో ఊహించుకునేవాడు. పోలీసు వెళ్ళిపొమ్మంటే ఈయన తల ఊపి నవ్వాడట, కాలి పిక్క మీద లాఠీ పడింది. ఆ తరవాత బయటికి రావడం మానేశాడు. పెద్దమ్మ కూడా ఆయన ఊపిరితిత్తుల్లో రంపపు పొట్టు చేరిందని భయపడి ఇంట్లో సైతం మాస్కు తీసేది కాదు. ఇద్దరూ సైగలతో కాపురం చేశారు.

రెండో అల వచ్చిన ఏప్రిల్‌లో, నాకు కొత్త బోర్డు తయారైందని పెద్దమ్మ మా అమ్మతో చెప్పింది. ఆ పొద్దున లేచేసరికి నా గొంతులో గరగర. ఆఫీసులో ఏసీ వల్ల అని సర్దిచెప్పుకున్నాను. రెండు రోజులు ఆగితే బోర్డు ఎక్కడికీ పోదు. ఏడాదిగా బోర్డు లేదు నాకు, ఆగలేకపోయాను. పని నుంచి వస్తూ సాయంత్రం ఆయన గదికి వెళ్ళాను.

బోర్డు చేతికిచ్చి ఏదో అడిగాడు. నేను జవాబు చెప్పాను. ఆయన నా ముక్కు కింద గుడ్డ మీదికి వంగి చూస్తున్నాడు, మాట ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు. మాస్కు కిందికి లాగి, ఎప్పటిలాగే ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఆయన ముఖం విప్పారింది. చాయ్ తాగినంతసేపు మాట్లాడాం. ఏం మాట్లాడానో నాకు పొల్లుపోకుండా గుర్తుంది. మా మిల్లు సేటు గొణుగుడు గురించి, ఈసారి చీరలకు నెమలికంఠం రంగు తెగ అడుగుతున్నారని, బోర్డు తోక ఇంకాస్త లేవాల్సిందని. ఒక్కటంటే ఒక్క అవసరమైన మాట లేదు అందులో.

రెండు రోజులకు నాకు జ్వరం. ఇంకో మూడు రోజులకు ఆయనకు.

ఆసుపత్రికి ఆయన ఒక్కడే వెళ్ళాడు, తోడు ఎవర్నీ రానిచ్చే రోజులు కావు. లోపల అందరూ తల నుంచి కాలిదాకా తెల్లటి తొడుగుల్లో. వాళ్ళను ఒక్క మాట అనను. వాళ్ళు ఊపిరాడకుండా పనిచేశారు. ఒక నర్సు కాగితం మీద గుజరాతీలో రాసి చూపించిందట, ఆయనకు గుజరాతీ మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. సూది ఎందుకు వేస్తున్నారో, పక్క మంచం మనిషి ఏమయ్యాడో, తనకు నయమవుతుందో లేదో, ఆరు రోజులు ఎవరూ ఆయనకు చెప్పలేకపోయారు. ఒకే ఒకసారి ఫోన్లో ముఖాలు చూపించారు. గేటు బయట పెద్దమ్మ మాస్కు పీకేసి, కావలివాడు కేకలేస్తున్నా వినకుండా, "తిన్నవా?" అని అడిగింది. ఆయన తిన్నానని తల ఊపాడు. అదే ఆఖరు. మా బాపు, వంతెన కింది కుర్రాడొకడు శ్మశానం వరసలో పొద్దంతా నిలబడి ఆయన్ను పంపించారు. నేను మేడ మీద ఉన్నాను.

నాకు నెగటివ్ వచ్చినా పెద్దమ్మ గది గుమ్మం తొక్కలేదు. ఒకే గోడ మాకు. ఆమె దగ్గు, గిన్నెల చప్పుడు, అన్నీ వినపడేవి. నీళ్ళ కోసం ఆమె బయటికి వస్తే నేను లోపలికి పోయేదాన్ని. మూడు నెలలు.

పోయిన ఆదివారం పొద్దున, వాన వెలిశాక, వెళ్ళాను. పెద్దమ్మ నేల మీద చీర పరుచుకుని అంచుకు అద్దం రాళ్ళు అంటిస్తోంది. ఈ మధ్య తెచ్చుకున్న పని. తలెత్తి చూసి, కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నిలబడే చెప్పాను. గొంతు గరగర సంగతి, తెలిసీ వచ్చిన సంగతి, మాస్కు తీసిన సంగతి. ఆమె ఇంకో నాలుగు రాళ్ళు అంటించింది.

"నాకెర్కే" అంది తరవాత. "పాలోనితోని అచ్చిందా, దుకాణపోనితోని అచ్చిందా అని మస్తు తీర్ల సోచాయించిన. ఎటు దిరిగినా నీ కాడికే అచ్చి ఆగుతది."

గోడ పట్టుకున్నాను.

"తిట్టు పెద్దమ్మా. ఏదో ఒకటి అను."

"అందామనే కూసున్న గిన్ని దినాలు. నువ్వస్తెనా?" అంది. చేతిలో రాయి కిందపడితే వెతికి తీసి పక్కన పెట్టింది. "ఆనాడు నువ్వు పోయినంక నీ పెద్దబాపు రెండు మాట్ల అన్నం పెట్టిచ్చుకున్నడు. ఏడాది సంది నాతోని మనిషన్నోడు మాట్లాడలే, ఇయ్యాల పోరి అచ్చి మాట్లాడిందని సంబురపడ్డడు. నెమలికంఠం రంగంటే ఎట్లుంటదని నన్నడిగిండు. చీర తీసి సూపిచ్చిన. గిదాన్ని నేనేం జెయ్యాలె చెప్పు? నిన్ను తిడుదామంటె గది యాదికొస్తది. ఊకుందామంటె మనిషి లేడు."

నేను ఏడుస్తున్నాను. మాస్కు తడిసి ముక్కుకు అంటుకుంటోంది. ఆమె చీర పక్కకు జరిపి, మోకాళ్ళు పట్టుకుని లేచి, నా ముందుకు వచ్చి నిలబడింది.

"అది తియ్యి" అంది. "నీ మొఖం జూడనీ."

నేను వెనక్కి జరిగాను. భయమేసింది, ఆమె గురించి. ఆమె ఆగకుండా వచ్చి, నా గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుని, చెవి వెనక నుంచి దారం తానే తీసింది. తరవాత తన మాస్కూ తీసి నడుముకు చెక్కుకుంది. ఆమె చెంపల మీద రెండు వైపులా దారం పడిన గుంటలున్నాయి. ముందరి పన్ను ఒకటి ఊడిపోయింది, ఎప్పుడు ఊడిందో నాకు తెలియదు. ఆమె, పెద్దబాపు చూసినట్టే, నా పెదవులవైపే చూస్తూ నిలబడింది.